ఉచిత క్యాంపింగ్: అమెరికా ప్రభుత్వ భూములపై అపోహలు – వాస్తవాలు

అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ భూముల్లో అధిక భాగం రెండు సంస్థల అధీనంలో ఉంది. బీఎల్ఎం అని పిలిచే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కింద సుమారు 24.5 కోట్ల ఎకరాలు, ఫారెస్ట్ సర్వీస్ కింద సుమారు 19.3 కోట్ల ఎకరాలు ఉన్నాయి. ఇవి ఎక్కువగా పశ్చిమ రాష్ట్రాల్లోవే. ఈ భూముల్లో, ఏర్పాటు చేసిన క్యాంప్‌గ్రౌండ్లకు వెలుపల, రుసుము లేకుండా గుడారం వేసుకుని గానీ బండిలో గానీ రాత్రి గడపడాన్ని డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. అక్కడ కుళాయి ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, చెత్తకుండీ ఉండదు. డబ్బు కట్టనక్కర్లేదు కాబట్టి నియమాలు కూడా లేవనుకోవడమే చాలా అపోహలకు మూలం.

ప్రభుత్వ భూమి అయితే చాలు, ఎక్కడైనా ఆగవచ్చన్నది వాటిలో మొదటిది. నేషనల్ పార్కుల్లో సాధారణంగా ఈ పద్ధతి చెల్లదు. కేటాయించిన చోటే ఉండాలి, లోపలి అడవుల్లో బస చేయాలంటే చాలా పార్కుల్లో పర్మిట్ కావాలి. రాష్ట్రాల ట్రస్ట్ భూములు వేరు: అరిజోనాలో వాటిపై విడిది చేయడానికి రాష్ట్ర పర్మిట్ తీసుకోవాలి. ఫారెస్ట్ సర్వీస్ నిర్వహించే నేషనల్ ఫారెస్ట్ సరిహద్దు గీత లోపల కూడా ప్రైవేటు స్థలాలు ఉంటాయి. భూయాజమాన్యం చూపే పటాల్లో సాధారణంగా పసుపు రంగు బీఎల్ఎంది, ఆకుపచ్చ ఫారెస్ట్ సర్వీస్‌ది, తెలుపు ప్రైవేటుది. ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇచ్చే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ ఇంకా నమ్మదగినది. అందులో ఏ రోడ్డు మీద ఏ బండి వెళ్లవచ్చో ఉంటుంది. రోడ్డు పక్కన చుక్కలు కనిపిస్తే, నిర్ణీత దూరం వరకు బండి దించి బస చేయవచ్చని అర్థం. మొబైల్ యాప్‌లో ఎవరో పెట్టిన గుర్తు అనుమతి కాదు.

వీసాపై ఉన్నవారికి ఈ భూముల్లో క్యాంపింగ్ చెల్లదన్న సందేహం నిరాధారం. పౌరసత్వ నిబంధన ఏదీ లేదు. గుంపు పెద్దదైతే మాత్రం వేరే లెక్క. నేషనల్ ఫారెస్ట్‌లో 75 మంది, అంతకు మించి చేరే వనభోజనాల వంటి కార్యక్రమానికి ముందుగా పర్మిట్ తీసుకోవాలి.

ఎన్నాళ్లయినా ఉండిపోవచ్చన్నదీ తప్పే. బీఎల్ఎం భూముల్లో సాధారణ పరిమితి 28 రోజుల వ్యవధిలో 14 రోజులు. ఆ తర్వాత నాలుగడుగులు జరిగితే సరిపోదు. చాలాచోట్ల కనీసం 25 మైళ్ల దూరం వెళ్లాలి. నేషనల్ ఫారెస్ట్‌ల పరిమితి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, వాటిని నివాసంగా చేసుకోవడం నిషిద్ధం. శీతాకాలమంతా ఉండాలనుకునేవారికి అరిజోనా, కాలిఫోర్నియాల్లో బీఎల్ఎం ప్రత్యేక ప్రాంతాలున్నాయి. వాటికి రుసుము ఉంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది నిప్పు గురించిన అపోహ. పాత రాళ్ల పొయ్యి కనిపిస్తే మంట వేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. కానీ కాలిఫోర్నియా ఫెడరల్ భూముల్లో క్యాంప్‌గ్రౌండ్ బయట గ్యాస్ స్టవ్‌కు కూడా ఉచిత పర్మిట్ ఉండాలి. ఎండాకాలంలో తొలి స్థాయి ఆంక్షలు వచ్చాయంటే డిస్పర్స్‌డ్ స్థలాల్లో కట్టెల మంట ఆగిపోతుంది. అనుమతి ఉన్న రోజుల్లోనూ మంట మీద మట్టి కప్పి వెళ్లిపోకూడదు, కింద నిప్పు రగులుతూనే ఉంటుంది. నీళ్లు పోసి, పారతో కలియబెట్టి, మళ్లీ పోసి, చేతి వెనక భాగంతో తాకి చూడాలి. వేడి తగిలితే ఇంకా ఆరనట్టే. కార్చిచ్చుకు కారణమైనవారి నుంచి ఆర్పిన ఖర్చు వసూలు చేయవచ్చు.

మలవిసర్జనకు చెట్టుచాటు చాలన్న ధోరణి వాగులను పాడుచేస్తోంది. నీటికి, కాలిబాటకు, గుడారానికి 200 అడుగుల దూరంలో 6 నుంచి 8 అంగుళాల లోతు గుంట తవ్వి, పని అయ్యాక పూడ్చాలి. టిష్యూ కాగితాన్ని సంచిలో వెనక్కి తీసుకెళ్లడం మేలు. పండ్ల తొక్కలూ అంతే: అవి మట్టిలో కలిసేలోపు జంతువులను మనుషుల తిండికి అలవాటు చేస్తాయి. ఎలుగుబంట్లు తిరిగే అనేక ప్రాంతాల్లో ఆహారాన్ని గట్టి డబ్బాల్లో భద్రపరచడం తప్పనిసరి.

ఆంక్షలు రోజుల వ్యవధిలో మారిపోతాయి, రోడ్లు మూసేస్తారు. అందుకే బయలుదేరే ముందు ఆ ప్రాంతపు రేంజర్ కార్యాలయానికో, బీఎల్ఎం ఫీల్డ్ ఆఫీసుకో ఫోన్ చేసి, మంటకు అనుమతి ఉందా, ఎన్ని రోజులు ఉండవచ్చు, ఏ రోడ్లు తెరిచి ఉన్నాయి అని అడిగి తెలుసుకోండి.