సీ.బీ.డీ. తైలము - దాని పరీక్షాపత్రము



గడచిన సంవత్సరము అమెరికాలో మా కుమారుని యింట నాలుగు మాసములుంటిని. నా మోకాళ్ల నొప్పి చూచి కోడలొక చిన్న తైలపు సీసా తెచ్చి యిచ్చెను. గంజాయి జాతిదే యైన హెంపు మొక్కనుండి తీసిన సీ.బీ.డీ. అను పదార్థ మందు గలదు. అది మత్తు కలిగింపదు. మత్తు గొలుపునది దాని తోబుట్టువగు టీ.హెచ్.సీ. “మామయ్యగారూ, దీనికి పరీక్షాపత్రము కూడ నున్నది” అని చెప్పి, ఆ పత్రమును అచ్చు తీసి నా ముందుంచెను. ముప్పదియైదేండ్లు బాలుర జవాబులు దిద్దినవాడను. నొప్పి సంగతి మరచి దానిని దిద్ద మొదలిడితిని.

ఒక మెతుకు పట్టి చూచి కుండెడన్నము ఉడికినదని నిశ్చయించుటను మన పెద్దలు స్థాలీపులాకన్యాయమనిరి. ఈ పత్రమంతయు ఆ న్యాయముమీదనే నిలిచినది. వాయికొక మచ్చు తీసి పరీక్షింతురు. దానినిబట్టి ఆ వాయిలోని సీసాల నెల్ల నమ్ముదురు. కావున, మెతుకు ఏ కుండలోనిదని ముందుగా అడుగవలెను. పత్రముమీది బ్యాచి నంబరును సీసామీది నంబరును ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. కలియలేదు! పత్రము రెండేండ్ల క్రిందటి మరియొక వాయిది.

కోడలు వ్రాయగా, వారము దినములకు వర్తకుడు సరియైన పత్రము పంపెను. పరీక్షించినవారు అమ్మువారే యైనచో అది ఆప్తవాక్యము గాదు, ఆత్మస్తుతి. ఇది వేరొక పరీక్షాలయమువారిది, ఐ.ఎస్.ఓ. 17025 అను గుర్తింపును గలదు. ఇక లెక్క. సీసాపై 30 మిల్లీలీటర్లకు 1000 మిల్లీగ్రాముల సీ.బీ.డీ. అని యున్నది. పత్రము గ్రాము నూనెకు లెక్క చెప్పును. నూనె నీటికన్న తేలిక గనుక 30 మిల్లీలీటర్లు సుమారు 28 గ్రాములు తూగును. పాత పత్రములో గ్రాముకు 35 మిల్లీగ్రాములు. హెచ్చింపగా 980, సరిపోవును. క్రొత్తదానిలో 21, అనగా 588 మాత్రమే. వెల మాత్రము వేయింటికి చెల్లించితిమి.

ఇది మా యొక్కరి యనుభవము గాదు. 2017లో అమెరికా వైద్యసంఘ పత్రిక ప్రకటించిన పరిశోధనలో, అంతర్జాలమున కొన్న 84 సరకులలో 26 మాత్రమే చీటీతో సరిపోయెను, 18టిలో టీ.హెచ్.సీ. కానవచ్చెను.

ఆ టీ.హెచ్.సీ. కెదురుగా “ఎన్.డి.” అను అక్షరములుండును. కనబడలేదని దాని యర్థము, లేదని కాదు. ఉన్నచో కనబడవలసిన వస్తువు కనబడనప్పుడే లేమి సిద్ధించునని తార్కికులందురు. కావున ఎంత స్వల్పమును వారి యంత్రము పట్టగలదో తెలుపు అంకెను ప్రక్కనే చూడవలెను. 2018 నాటి అక్కడి చట్టము టీ.హెచ్.సీ.కి 0.3 శాతము హద్దు పెట్టినది. అల్పముగ దోచును గాని, 28 గ్రాముల నూనెలో అది 84 మిల్లీగ్రాములు! 2025 నవంబరులో చేసిన చట్టము ఆ హద్దును మిక్కిలి బిగించినది.

ఈ మొక్క నేలలోని సీసము, కాడ్మియములను పీల్చుకొనును. ఆ లోహములకును, పురుగుమందులకును వేరుపుటలుండవలెను. మాకు వచ్చినది ఒక్క పుటయే.

మోకాలు కుదురునని ఏ పుటయు చెప్పదు. నేను నెత్తురు గడ్డకట్టకుండుటకు వార్ఫరిన్ పుచ్చుకొనువాడను. సీ.బీ.డీ. వలన కాలేయమున ఆ మందు విరుగుట మందగించి, నెత్తురు మరింత పలుచనై రక్తస్రావము కలుగవచ్చునని వైద్యుడు చెప్పెను. పత్రములో దానికి గడియే లేదు. ఇక గంజాయి, టీ.హెచ్.సీ.లను గూర్చిన 1985 నాటి మన చట్టము కఠినమైనది. అక్కడి కాగితము ఇక్కడి యధికారికి సమాధానము కాజాలదు. సీసాను అచ్చటనే విడిచి వచ్చితిని. పత్రములు రెండును నా పెట్టెలో నున్నవి.