ఇంటి కుక్కకు వాసన విద్య

ఆంధ్ర మహాభారతము తెఱచిన వారికెల్ల తొలుతనే యొక కుక్క కథ యెదురగును. జనమేజయ మహారాజు యజ్ఞము చేయుచుండగా, సరమ యను దేవశునకము కొడుకు సారమేయుడు ఆడుకొనుచు అచటికి వచ్చెను. అతడు చేసిన తప్పేమియు లేదు. ఐనను రాజు తమ్ములు కొట్టిరి. అతడు పోయి తల్లితో చెప్పుకొనెను. సరమ రాజు నెదుటికి వచ్చి, నిరపరాధులను బాధించువారికి అనుకోని భయములు వచ్చి పడునని పలికి పోయెను. ఈ సరమయే ఋగ్వేదమున పణులు దాచిన గోవుల జాడ తీసి యింద్రునకు తెలిపినదిగా చెప్పబడినది. ఈ రెండు కథలను కలిపి చూచిన నేటి నా ప్రసంగ విషయము తేటపడును. కుక్కకు గల గొప్ప శక్తి దాని ముక్కు. ఆ ముక్కునకు పని చూపక, కట్టివేసి, కారణము లేక కొట్టి పెంచినచో, ఆ యింటికిని ఆ యూరికిని అనుకోని భయము తప్పదు.

కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలమందలి పోచారము మీలో పెక్కురకు తెలిసినదే. 1916 మొదలు 1922 వఱకు ఆలేరు వాగునకు అడ్డముగా కట్టబడిన కట్టవలన అచటి జలాశయ మేర్పడినది. దాని చుట్టునున్న యడవి నిజాము ప్రభువుల వేటభూమిగా నుండి, 1952లో వన్యమృగ సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడినది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల యా యడవిలో చుక్కల దుప్పులు, కణుతులు, మనుబోతులు, కొండగొఱ్ఱెలు, ఎలుగుబంట్లు, తోడేళ్లు, చిరుతపులులు కలవు. అడవికిని పల్లెకును నడుమ గోడ లేదు. పగలు మేకల వెంట పోయిన కుక్కకు గాలిలో దుప్పి వాసన తగులును. రాత్రి పెరటిలో కట్టిన కుక్క వాసన చిరుతకు తగులును. కుక్కలకై చిరుతలు ఊరి యంచులకు వచ్చుట క్రొత్త సంగతి కాదు. కుక్కలనుండి అడవి జంతువులకు రోగములును సోకును. 2018లో గుజరాతు నందలి గిర్ అడవిలో సింహములు వరుసగా చనిపోయినప్పుడు, కొన్నింటిలో కుక్కలకు వచ్చు డిస్టెంపరు వ్యాధి కనబడెను. కావున అడవి యంచున కుక్కను పెంచుట యొక్క యింటివాని వేడుక గాదు, ఊరి పని.

2023 ఫిబ్రవరి మాసమున హైదరాబాదు అంబరుపేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు చంపిన వార్త విని తెలుగువారెల్లరు కలత చెందిరి. ఇట్టి వార్త వచ్చినప్పుడు పల్లెలలో కఱ్ఱలు లేచును. విషపు ముద్దలు కలుపుదమని కొందఱందురు. అప్పుడు కఱచిన కుక్క యొకటి, చచ్చునది మఱియొకటి. విషము పెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమునకు విరుద్ధము గూడ. చంపుదమా, నేర్పుదమా యను ప్రశ్న తుదకు రచ్చకట్టపై మాట చెల్లు మీ యెదుటికే వచ్చును. అందుచేతనే యీ నాలుగు మాటలు మీతో మనవి చేయుచున్నాను.

మనము లోకమును కంటితో నెఱుగుదుము. కుక్క ముక్కుతో నెఱుగును. మనుష్యుని ముక్కులో వాసన పట్టు కణములు సుమారు 50, 60 లక్షలని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కుక్కకు, జాతినిబట్టి, 20 కోట్లకు పైబడి యుండును. వాసన పట్టునప్పుడు అది సెకండునకు అయిదు మార్లు వఱకు గాలి పీల్చగలదు. విడిచిన గాలి ముక్కు ప్రక్కనున్న చీలికలగుండ వెలికి పోవును గనుక, లోనికి వచ్చు క్రొత్త వాసన చెదరదు. వాకిటిలో ఎవరు నడచిరో, ఏ వైపు పోయిరో అది నేలపై చదువుకొనును. ఇట్టి ప్రాణిని మూడు మూరల గొలుసుతో రేయింబవళ్లు కట్టివేసిన నేమగును? పని లేని ముక్కు తానే పని వెదకుకొనును. దారిన పోవువానిపై మొఱుగుట, మడి గట్లు త్రవ్వుట, గొలుసు తెగిననాడు మేకపిల్లను తఱుముట, ఇవియే దాని పనులగును. మన మవి దుర్గుణము లందుము.

ప్రభుత్వము వారు ఈ ముక్కునకు చక్కని పని చూపినారు. హైదరాబాదు సమీపమున మొయినాబాదులో పోలీసు కుక్కలకు, వానిని నడపువారికి జంటగా శిక్షణ నిత్తురు. మందుగుండును పట్టు కుక్కలు, నేరస్థుని జాడ తీయు కుక్కలు అచట తయారగును. గ్వాలియరు కడనున్న టేకన్‌పూరులో సరిహద్దు భద్రతా దళము వారి శిక్షణ కేంద్రము కలదు. 2008 మొదలుకొని ట్రాఫిక్ అను సంస్థ అటవీశాఖల కొఱకు కుక్కలకు శిక్షణ నిప్పించినది. దాచిన పులితోలును, ఎముకలను అవి వాసనచేతనే పట్టి యిచ్చును.

ఇంటి కుక్కకు ఈ విద్య యేల యని మీరడుగవచ్చును. 2006లో అమెరికాలోని కాలిఫోర్నియాయందు పోలీసు కుక్కల ననుభవించిన శిక్షకులు కొందఱు ఈ విద్యనే యింటి కుక్కలకు ఆటగా మార్చిరి. 2019లో షార్లెట్ డ్యూరాంటన్, అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అను శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష ప్రకటించిరి. కొన్ని యింటి కుక్కలకు రెండు వారములు దినదినము వాసనతో వెదకు పని నిచ్చిరి. మఱికొన్నింటికి యజమాని ప్రక్కనే నడచుట నేర్పిరి. పిదప, తిండి యున్నదో లేదో తెలియని గిన్నె నొకదానిని ముందుంచిరి. వాసన పని చేసిన కుక్కలు మునుపటికంటె వేగముగా, ఆశతో దానిని చేరినవి. రెండవ గుంపున అట్టి మార్పు కలుగలేదు. పనిగల ముక్కు కుక్క మనస్సునకు ధైర్యము నిచ్చునని దీని సారము. పిఱికి కుక్కయే తఱచుగా కఱచునని మీరెఱుగుదురు.

ఇక పద్ధతి చెప్పెదను. దీనికి కాసు ఖర్చు లేదు. దినమునకు పది నిమిషములు, నాలుగు కొబ్బరి చిప్పలు చాలును. కుక్కకు తిండి పెట్టుటకు ముందు, అది ఆకలిగా నున్నప్పుడు, చిప్పలను వాకిటిలో బోర్లించి, ఒకదాని క్రింద ఉడికిన కోడిగ్రుడ్డు ముక్కయో, కొంచెము మాంసమో ఉంచుడు. కుక్కను విడిచి, మీరు మాటాడక నిలువుడు. చేతితో చూపవలదు, తొందరపెట్టవలదు. అది ముక్కుతో వెదకి, సరియైన చిప్పను త్రోసి తినును. నాలుగైదు దినములకు చిప్పలు మాని, ముక్కలను బండి చక్రము ప్రక్కను, గడ్డివాము మొదటను, అరుగు క్రిందను దాచుడు. ఇంతవఱకు చాలునన్నను చాలును. ఈ పది నిమిషముల వెదకులాటతో చాల కుక్కలు అలసి, తృప్తిపడి పండుకొనును.

ఇంకను ముందుకు పోవగోరినచో, లవంగము నుపయోగింపుడు. రెండు లవంగములను గుడ్డలో మూట గట్టి, రంధ్రములు గల చిన్న డబ్బీలో బిగించి మూయుడు; కుక్క దానిని మ్రింగకుండునట్లు చూడుడు. తైలమును ముక్కునకు పూయుట తగదు. కొన్ని దినములు డబ్బీ ప్రక్కనే తిండి ముక్క ఉంచుడు. లవంగపు వాసన యున్నచోట తిండి దొరకునని కుక్క గ్రహించును. పిదప తిండి లేక డబ్బీ నొక్కదానినే దాచుడు. కుక్క దానిపై ముక్కు పెట్టిన యా క్షణముననే "భేష్" అని, తిండి ముక్కను డబ్బీ యొద్దనే యిండు. ఈ విద్యకంతకు ఇదియే ప్రాణము. కూలి ఆలస్యమైనచో, కుక్క తల యెత్తి మిమ్ము చూచుటకో, మొఱుగుటకో కూలి దొరకెనని యనుకొనును. మీరొకటి నేర్పబోగా అది వేఱొకటి నేర్చును.

ఇచట నొక మోసము కలదు. డబ్బీని తాకినది మీ చేయి గనుక, కుక్క లవంగమును గాక మీ చేతి వాసననే పట్టవచ్చును. కావున లవంగము లేని డబ్బీలను గూడ అదే చేతితో ముట్టి ప్రక్కన నుంచవలయును. అంతకంటె సూక్ష్మమైనది మఱొకటి. బెర్లిను నగరమున హాన్స్ అను గుఱ్ఱము లెక్కలు చేయుచున్నదని పూర్వము జనులు విరుగబడి చూచిరి. ఉత్తరమెంతయో అడుగువానికి తెలిసినప్పుడే గుఱ్ఱము సరిగా చెప్పుచున్నదనియు, అది యడుగువాని తల కదలికను చూచి గిట్టతో తట్టుట యాపుచున్నదనియు, 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను పండితుడు తేల్చెను. కుక్కయు నట్టిదే. డబ్బీ యెచట నున్నదో మీకు తెలిసినచో, మీ చూపే చెప్పివేయును. వేఱొకరు దాచగా, మీకు తెలియక వెదకించినదే నిజమైన పరీక్ష.

ఈ మాట పెద్దలకు మఱియొక విధముగ గూడ పనికి వచ్చును. దొంగతనము జరిగిననాడు జాడ తీయు కుక్క వచ్చి ఒకని గుమ్మము కడ నిలిచినంత మాత్రమున, వానిని దొంగ యని ఊరు నిశ్చయించుట కలదు. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన యొక కేసులో 2001లో సుప్రీంకోర్టువారు, కుక్క చూపిన జాడ విచారణకు దారి చూపవచ్చును గాని, సాక్ష్యముగా దానికి ఎక్కువ బరువు లేదని భావించిరి. కుక్క అబద్ధమాడదు. కాని దానిని నడపువాడు పొరపడవచ్చును, చూచువారు దాని యర్థమును తప్పుగ తీయవచ్చును. ఒక మనిషి పరువును కుక్క ముక్కుపై వ్రేలాడదీయరాదు.

ఇక నడత మాట. పుట్టిన మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకు పిల్లకు లోకపరిచయ కాలము. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనువారు 1965లో వెలువరించిన గ్రంథమున దీనిని విపులముగా చూపిరి. ఆ దినములలో పిల్లలు, ముసలివారు, మేకలు, కోళ్లు, బండ్లు దానికి మెల్లగా పరిచయము కావలయును. ఆ కాలము చీకటి కొట్టములో గడచినచో, పెద్దదైన పిదప ప్రతి క్రొత్త మనిషియు దానికి శత్రువే. కుక్కను పిలిచి కొట్టరాదు. ఒక్కమారు కొట్టిన మఱుమారు పిలుపునకు రాదు. దుప్పి వెంట పడిన కుక్క మీ పిలుపునకు వెనుదిరుగవలెనన్నచో, ఆ పిలుపు వెంట ఎన్నడును దెబ్బ యుండరాదు. గుఱ్ఱుమన్నదని కొట్టరాదు. అది "దూరముగా నుండు" మని చేయు హెచ్చరిక. హెచ్చరికను కొట్టి మాన్పించినచో, తరువాత హెచ్చరింపకయే కఱచును. తినుచున్న కుక్కను, పిల్లల తల్లిని ముట్టవలదని మన పసివారికి నేర్పుడు. రాత్రి కుక్కను పెరటిలో గాక లోపల, తలుపు వేసి యుంచుడు. చిరుతకు ఊరిలోనికి దారి చూపకుండుటకు ఇంతకంటె సులభమైన యుపాయము లేదు.

ఎంత నేర్పినను టీకాకు బదులు లేదు. మూడు నెలల వయస్సున పిల్లకు పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, పశువైద్యుడు చెప్పినట్లు ఏటేట మరల వేయింపుడు. కుక్క కఱచినచో గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడుగవలయును. కారము, సున్నము, పసుపు, ఆకు పసరు పెట్టరాదు. మంత్రమునకు పోరాదు. ఆ దినముననే ప్రభుత్వ వైద్యశాలకు పోయి టీకా మొదలుపెట్టి, చెప్పిన దినములన్నిట తప్పక వేయించుకొనవలయును. కఱచిన కుక్కను 10 దినములు కనిపెట్టి చూడవలసినదే గాని, అంతవఱకు టీకా నాపరాదు. వ్యాధి లక్షణములు కనబడిన పిదప ఈ రోగమునుండి బ్రతికి బయటపడుట మిక్కిలి యరుదు. 1885లో లూయీ పాశ్చరు మొదటి బాలునికి చికిత్స చేసిన నాటినుండి మనుజులు చేతిలో నుంచుకొనిన యీ రక్షణను, ఒక్క దినపు టలసత్వముచేత పోగొట్టుకొనరాదు.

పెద్దలారా, యజ్ఞశాలలో జరిగిన యన్యాయమును సరమ వచ్చి చెప్పగలిగినది. మన వాకిటి కుక్కకు ఆ నోరు లేదు. అది చెప్పునదంతయు మొఱుగుటలోను, గుఱ్ఱుమనుటలోను, తోక ముడుచుటలోను ఉన్నది. రేపు ఉదయము నాలుగు కొబ్బరి చిప్పలు వాకిటిలో బోర్లించి, మీ మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడుడు. ముక్కు పని చేయుచున్నంతసేపు ఆ కుక్క మొఱుగదు. కఱ్ఱ యెత్తవలసిన పని మీకును ఉండదు. సరమ చెప్పిన యనుకోని భయము మన యూళ్లకు రాకుండుటకు, ఆ పది నిమిషములతో మొదలిడుడు.