మోటారు సైకిలు ఇంజనులో దోషనిర్ణయం

సాయంకాలపు రద్దీలో, నాంపల్లి వైపు నుండి వచ్చిన ఒక పాత రాజ్‌దూత్ 350 మోటారు సైకిలు లకడీకాపూల్ కూడలి వద్ద ఆగిందని ఊహించవచ్చు. నడిపేవాడు యాక్సిలరేటరు పూర్తిగా వదిలివేశాడు. అయినా ఇంజను వేగం తగ్గలేదు సరికదా, కొంచెం కొంచెంగా హెచ్చుతున్నది. పక్కన ఉన్నవారిలో ఒకరు ప్లగ్గు మార్చమంటారు, ఒకరు కార్బురేటరు కడిగించమంటారు. మరొకరు స్క్రూ డ్రైవరు తీసి, ఇంజను నిలకడ వేగాన్ని నిర్ణయించే మరను నాలుగు చుట్లు వెనక్కు తిప్పుతారు. ఇంజను నెమ్మదిస్తుంది. రోగం కుదిరిందని అందరూ సంతోషిస్తారు.

కుదిరినది రోగం కాదు. ఆ రోగానికి పైకి కనబడే ఒకే ఒక చిహ్నం మరుగుపడింది, అంతే. కొద్దిరోజులకు మంచి వేగంలో పోతుండగా ఎడమ పిస్టను సిలిండరులో బిగుసుకుపోతుంది. దానితోపాటు వెనుక చక్రం కూడా తిరగడం మానుతుంది. క్షణంలో క్లచ్చి పట్టుకోగలిగినవాడు బతికి బయటపడతాడు.

జపానులో యమహా సంస్థ 1973లో విడుదల చేసిన ఆర్‌డి 350 అనే బండిని మన దేశంలో ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుండి ఆ దశకం చివరి వరకు రాజ్‌దూత్ పేరుతో తయారుచేసింది. మొదట వచ్చిన రకం సామర్థ్యం 30.5 హార్సుపవరు, తరువాత పెట్రోలు ఆదా కోసం దానిని 27కు తగ్గించారు. దాదాపు అదే పరిమాణం గల ఆనాటి బుల్లెట్టు ఇంజను సామర్థ్యం 18 మాత్రమే. ఇంత తేడాకు ప్రధాన కారణం, బుల్లెట్టు సిలిండరులో రెండు భ్రమణాలకు ఒకసారి పేలుడు జరిగితే, రాజ్‌దూత్‌లో ప్రతి భ్రమణానికీ జరగడం. దీనినే రెండు స్ట్రోకుల ఇంజను అంటారు.

ఈ ఇంజను సిలిండరు తలపై కవాటాలు ఉండవు. పిస్టను పైకి పోయేటప్పుడు దాని కింద ఉన్న క్రాంకు పెట్టెలో శూన్యత ఏర్పడి, కార్బురేటరు నుండి గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. సన్నని రేకులతో చేసిన రీడు కవాటం దానిని తిరిగి వెనక్కు పోనివ్వదు. పిస్టను దిగేటప్పుడు ఆ మిశ్రమం నొక్కుకుపోయి, పక్క ద్వారాల గుండా పైకి చేరుతుంది. అంటే క్రాంకు పెట్టె కూడా ఒక పంపే. సైకిలు పంపులో తోలు వాషరు చెడితే ఏమవుతుందో, ఈ పెట్టెలో ఎక్కడైనా సందు ఏర్పడితే అదే అవుతుంది.

ఏ పెట్రోలు ఇంజనుకైనా సరైన మిశ్రమం, సరైన సమయంలో నిప్పురవ్వ, తగినంత సంపీడనం కావాలి. దోషం ఈ మూడింటిలో దేనిలో ఉన్నదో తేల్చడమే కష్టం. అయితే ఈ బండిలో ఒక గొప్ప సదుపాయం ఉన్నది. దీనికి రెండు సిలిండర్లు. ఒక్కొక్కదానికి వేరుగా కార్బురేటరు, కాయిలు, కాంటాక్టు పాయింట్లు ఉన్నాయి. క్రాంకు పెట్టె కూడా రెండు గదులుగా విభజింపబడి ఉన్నది. ఒకే వయస్సు, ఒకే పెట్రోలు, ఒకే వాతావరణం గల రెండు ఇంజనులు పక్కపక్కనే పనిచేస్తున్నవన్నమాట. ప్రయోగశాలలో పోల్చి చూడడానికి మార్పు చేయని నమూనాను ఒకదాన్ని పక్కన పెట్టుకుంటారు. ఇక్కడ తయారీదారుడే అట్టి నమూనాను అమర్చి పెట్టాడు. ఆశ్చర్యమేమంటే, దానిని వాడుకునేవారు తక్కువ.

మొదట ఏ సిలిండరు బలహీనమో తెలియాలి. చల్లని ఇంజనును నడిపి, ఒక నిమిషం తరువాత రెండు పొగగొట్టాల మొదళ్ళపై నీటిచుక్క వేయాలి. ఒకదానిపై చుక్క చుయ్యిమని ఎగిరిపోయి రెండవదానిపై మెల్లగా జారితే, జారినవైపు సిలిండరు సరిగా మండడం లేదు. ఇప్పుడు రెండు ప్లగ్గులను ఒకదాని స్థానంలో ఒకటి బిగించాలి. దోషం కూడా రెండవ వైపుకు మారితే తప్పు ప్లగ్గుదే. మారకపోతే కాయిళ్ళను మార్చి చూడాలి. రెండు పిస్టన్లు సగం భ్రమణం తేడాతో కదులుతాయి గనుక, ప్లగ్గు తీగలను మాత్రమే మార్చితే నిప్పురవ్వ తప్పు సమయంలో వస్తుంది. పాయింట్ల నుండి వచ్చే తీగలను కూడా మార్చడం తప్పనిసరి. ఆ తరువాత కార్బురేటర్ల జెట్లు. ప్రతిసారీ మార్చవలసినది ఒక్కదానినే. రెండింటిని ఒకేసారి మార్చి బండి బాగుపడితే బండి యజమానికి సంతోషమే గాని, దోషమేదో ఎవరికీ తెలియదు.

ప్లగ్గును బయటికి తీసి, ఇంజను లోహానికి తాకించి, కిక్కు కొట్టి నిప్పురవ్వను చూడడం అందరూ చేసే పరీక్ష. అలా చేసేటప్పుడు ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉండాలి. అక్కడినుండి వెలువడే పెట్రోలు ఆవిరి అంటుకోవచ్చు. ఈ పరీక్షలో ఇంకొక లోపం ఉన్నది. బయటి గాలిలో ఒక మిల్లీమీటరు సందును దాటడానికి విద్యుత్తుకు సుమారు మూడు వేల వోల్టులు చాలు. గాలి సాంద్రత హెచ్చేకొద్దీ కావలసిన వోల్టేజి కూడా హెచ్చుతుంది. సంపీడనం చెందిన మిశ్రమంలో అది అనేక రెట్లు. కాబట్టి బయట చక్కగా మెరిసిన ప్లగ్గు లోపల మెరవకపోవచ్చు. బయట మెరవనిది లోపల మెరవదని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

ఇక ప్లగ్గు రంగు. దాని పింగాణీ ముక్కు కాఫీపొడి రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నదనీ, పొడి మసి పట్టితే పెట్రోలు ఎక్కువైనదనీ, తడి నలుపు అయితే నూనె చేరుతున్నదనీ, తెల్లబడితే పెట్రోలు చాలడం లేదనీ పాత పుస్తకాలు చెబుతాయి. ఈ సూత్రాలు సీసం కలిపిన పెట్రోలు రోజులవి. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. దానితో రంగు కొంత లేతగానే ఉంటుంది. అందువల్ల ప్లగ్గు రంగును పుస్తకంలోని బొమ్మతో గాక, పక్క సిలిండరు ప్లగ్గుతో పోల్చడం మేలు. రెండూ ఒకే విధంగా లేతగా ఉంటే కారణం పెట్రోలులోనో గాలిలోనో వెతకాలి. ఒకటే తెల్లగా ఉంటే కారణం ఆ సిలిండరులోనే ఉన్నది.

గాలి సంగతి విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చు. హైదరాబాదులో శీతకాలపు ఉదయం 15 డిగ్రీలు, వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలు అనుకుంటే, వాయు సూత్రం ప్రకారం వేసవి గాలి సాంద్రత 288ని 313తో భాగించగా వచ్చేంత, అంటే 8 శాతం తక్కువ. కార్బురేటరులో మిశ్రమపు చిక్కదనం సాంద్రత వర్గమూలానికి విలోమంగా మారుతుంది కనుక, అదే జెట్టుతో వేసవిలో మిశ్రమం సుమారు 4 శాతం చిక్కబడుతుంది. నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉండడం వల్ల విశాఖపట్నంతో పోల్చితే మరి కొంచెం చిక్కదనం చేరుతుంది. దీనికి ఎదురుగా పనిచేసేది ఇథనాలు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాలుకు 9 కిలోలు చాలు. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం 2023లో ఆరంభమైంది. 2025 నాటికి దేశంలో సగటు మిశ్రమమే ఆ మేరకు చేరింది. దీనికి సుమారు 13.5 కిలోలు చాలు. 1983 నాటి జెట్టుకు ఈ సంగతి తెలియదు. అది పాత కొలతనే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం 8 శాతం వరకు పలచబడుతుంది. చలికాలపు ఉదయం వేసవి చిక్కదనం కూడా ఆదుకోదు.

పలచని మిశ్రమం ఎక్కువ వేడిని పుట్టిస్తుంది. ఈ పిస్టను వ్యాసం 64 మిల్లీమీటర్లు. దానికీ సిలిండరు గోడకూ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు. పిస్టను అల్యూమినియం మిశ్రలోహం, గోడ పోతయినుము. మామూలుకంటే నూరు డిగ్రీలు అదనంగా వేడెక్కితే పిస్టను వ్యాసం సుమారు 0.13 మిల్లీమీటరు పెరుగుతుంది. ఇనుము దానిలో సగం మాత్రమే వ్యాకోచిస్తుంది, పైగా రెక్కల మీదుగా పోయే గాలి దానిని చల్లబరుస్తూ ఉంటుంది. ఆ సందు పూడడానికి ఇంతకంటే ఏమి కావాలి?

లకడీకాపూల్ బండి విషయానికి వస్తే, దాని ఎడమ ప్లగ్గు తెల్లగా, కుడిది గోధుమ రంగులో ఉంటుంది. ప్లగ్గులు మార్చినా, జెట్లు మార్చినా తెలుపు ఎడమవైపే మళ్ళీ వస్తుంది. కనుక ఎడమ క్రాంకు పెట్టెలోకి కార్బురేటరు లెక్కలో చేరని గాలి దొంగదారిన వస్తున్నది. యాక్సిలరేటరు మూసినా ఇంజను వేగం తగ్గకపోవడానికి కారణం అదే. ఆ దారి కార్బురేటరుకు, సిలిండరుకు నడుమ ఉన్న రబ్బరు గొట్టం కావచ్చు. క్రాంకు ఇరుసు ఎడమ కొనన, ఆల్టర్నేటరు వెనుక దాగిన రబ్బరు సీలు కావచ్చు. కుడివైపు సీలు చెడితే లక్షణం వేరు: అక్కడ గేర్ల నూనె ఉన్నది గనుక గాలికి బదులు నూనె లోపలికి పోయి, దట్టమైన తెల్లని పొగ వస్తుంది, గేరుబాక్సులో నూనె తరుగుతుంది.

సందును పట్టడానికి సైకిలు ట్యూబు పంక్చరు చూసే పద్ధతే చాలు. సిలిండరుకు గాలి వచ్చే ద్వారాన్నీ, పొగ పోయే ద్వారాన్నీ రబ్బరు బిరడాలతో మూసి, ఒక బిరడాలోని సన్నని గొట్టం గుండా చేతిపంపుతో కొద్దిపాటి గాలి ఎక్కించాలి. సీలును ఊడబెరికేంత ఒత్తిడి పనికిరాదు. సబ్బునీరు పూసి చూస్తే ఆల్టర్నేటరు వెనుక బుడగలు లేస్తాయి. ఎన్నో ఏళ్ళు వేడిలో నాని, గట్టిపడి, అంచు పగిలిన సీలు అది.

కొత్త సీలు వేసి ఇంజను నడిపితే, అది వెంటనే ఆగిపోతుంది. మెకానిక్కు కంగారుపడనక్కరలేదు. కూడలి వద్ద ఎవరో వెనక్కు తిప్పిన ఆ మరను నాలుగు చుట్లూ మళ్ళీ లోపలికి తిప్పాలి.