ఒకే మందు, ఎన్ని పేర్లు!

మా పరవాడ ఫార్మాసిటీలో తయారైన మందు సముద్రం దాటాక ఏ పేరు పెట్టుకుంటుందో మాకు తెలీదు. మనం పారాసిటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. కొట్టులో అడిగితే క్రోసిన్, కాల్పాల్, డోలో! ఇన్ని పేర్ల మాటున ఒక మందు చేసే చెరుపును లెక్కగట్టేదెలా?

థాలిడోమైడ్ వల్ల వేలాది పసిబిడ్డలు అవకరాలతో పుట్టిన సంగతి 1961లో బయటపడింది. అటుపైన, 1968లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాల ఫిర్యాదులను ఒకచోట చేర్చసాగింది. 1978 నుండి ఆ పని స్వీడన్‌లోని ఉప్సలాలో జరుగుతోంది.

పేర్ల చిక్కు విప్పడానికే మందులకు కోడ్లు. పారాసిటమాల్‌కు ఎన్02బిఇ01. మొదటి అక్షరం నాడీమండలానిది, పక్క అంకెలు నొప్పి మందులవి, చివరి రెండూ ఆ మందువి. రైతుబిడ్డకిది వింతేం కాదు. స్వర్ణ అన్నా ఎం.టి.యు. 7029 అన్నా ఒకటే వరి. తమాషా ఏమంటే, ఆస్పిరిన్‌కు నొప్పికైతే ఒక కోడు, రక్తం గడ్డకట్టకుండానైతే మరొకటి.

అయితే పేరే తెలియకపోతే? మా మామ్మకు మోకాళ్ల నొప్పికి ఎవరో మాత్రలు పొట్లం కట్టి ఇచ్చారు. ఒళ్లంతా దద్దుర్లు. డాక్టరుగారు “ఏ మాత్రమ్మా?” అంటే, “తెల్లదండీ” అంది. తెల్లదానికి ఏ కోడు వేస్తారు?

మన దేశంలో 2010 నుండి ఇందుకో జాతీయ కార్యక్రమం ఉంది. డాక్టర్లే కాదు, రోగులూ ఫిర్యాదు చేయవచ్చు. కొట్టువాడు అట్ట కత్తిరించేటప్పుడు పేరూ, బ్యాచి నంబరూ ఉన్న ముక్క అడిగి పుచ్చుకోండి.