ఈమెయిలునకు తాళము, ముద్ర

మన పేర వచ్చిన ఈమెయిలు తిన్నగా మన యంత్రమును చేరదు. మనము ఏ హోస్టింగు సంస్థవద్ద చోటు అద్దెకు తీసికొంటిమో, ఆ సంస్థవారి సర్వరులో అది వేచియుండును. దానిని తెచ్చుకొను పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిది పాప్, ఇది ఉత్తరములను మన యంత్రములోనికి దింపును. రెండవది ఐమ్యాప్, ఇందు ఉత్తరములు సర్వరులోనే యుండును గనుక ఇంటి కంప్యూటరునుండియు, చేతి ఫోనునుండియు చూచుకొనవచ్చును.

పాప్ 1984లోను, ఐమ్యాప్ 1986లోను పుట్టినవి. ఆనాడు నెట్‌వర్కులను వాడువారు కొలదిమందియే. పాప్‌నకు 110, ఐమ్యాప్‌నకు 143 అను పోర్టు సంఖ్యలు ఏర్పడినవి. పోర్టనగా సర్వరునకు గల ద్వారమని తలపవచ్చును. ఈ ద్వారములగుండ రక్షణ లేక పోయినచో మన పేరు, పాస్‌వర్డు, ఉత్తరము అన్నియు ఉన్నవి ఉన్నట్లే ప్రయాణము చేయును. నడుమ కాచియున్నవాడు వానిని చదువగలడు. ఒక ఉత్తరము బయటపడిన కలుగు నష్టము కొంచెమే కావచ్చును. పాస్‌వర్డు చిక్కినచో మాత్రము ముప్పు పెద్దది; ఏలనన, పరీక్షల దరఖాస్తు మొదలగు ఇతర ఖాతాల పాస్‌వర్డులను మార్చుకొను లింకులును తరచుగా ఈ ఈమెయిలునకే వచ్చును.

దీనికి విరుగుడు టీఎల్ఎస్ అను ఏర్పాటు. 1995లో నెట్‌స్కేప్ సంస్థ వెలువరించిన ఎస్ఎస్ఎల్‌నకు ఇది వారసురాలు, 1999లో వచ్చినది. ఇది మాటలను గూఢలిపిగా మార్చి పంపును. పాప్‌నకు 995, ఐమ్యాప్‌నకు 993 అను ద్వారములలో మొదటి పలుకునుండియే గూఢత యుండును. పాత ద్వారములోనే బహిరంగముగా ప్రారంభించి, పిదప గూఢతకు మారు స్టార్ట్‌టీఎల్ఎస్ అను మార్గమును కలదు. కాని ఆ తొలి పలుకులను నడుమనున్నవాడు చెరుపవచ్చును. 2018లో ఇంటర్నెట్టు ప్రమాణములను రూపొందించు ఐఈటీఎఫ్ మొదటి మార్గమే మేలని చెప్పినది.

కావున ఖాతా అమర్చునప్పుడు ఐమ్యాప్ ఎంచుకొని, పోర్టు 993 అనియు, భద్రత ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ అనియు నింపవలెను. ఉత్తరములు పంపు సర్వరునకు పోర్టు 465 వాడవలెను. అక్కడ ‘మామూలు పాస్‌వర్డు’ అను మాట కనబడిన జంకనక్కరలేదు. మార్గమంతయు గూఢమైనందున అదియు గూఢముగనే పోవును.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి. కవరు అతికించినంత మాత్రమున ఉత్తరము ఎవరి చేతికి పోవుచున్నదో తెలియదు; లక్కపై ముద్ర చూచియే అది ఎవరిదో గుర్తింతుము. సర్వరునకు అట్టి ముద్ర ధ్రువపత్రము. అందలి పేరు మనము నింపిన సర్వరు పేరుతో సరిపోలనిచో యంత్రము హెచ్చరించును. ఒకే సర్వరును పలువురకు అద్దెకిచ్చు సంస్థలలో ఇది తరచు జరుగును: మన డొమైను పేరు నింపితిమి; ధ్రువపత్రములో సంస్థవారి పేరు గలదు. అప్పుడు ‘అంగీకరించితిని’ అని నొక్కుట సులభము. కాని మోసగాని ముద్ర వచ్చిన దినమునను మన చేయి అట్లే నొక్కును. సంస్థవారు తెలిపిన సర్వరు పేరు సరిచూచి నింపుటయే తగిన పని. మన యంత్రములో తేదీ తప్పియున్నను హెచ్చరిక రావచ్చును, దానినిగూడ చూడవలెను.

ఈ రక్షణ దారివరకే. సర్వరు చేరిన ఉత్తరమును ఆ సంస్థవారు చదువగలరు. కనుక తాళము ఎంత గట్టిదో చూచుకొనుటతోపాటు, తాళపుచెవి ఎవరి చేతనున్నదో యెరుగుటయు మనకు అవశ్యము.