తీసివేతలో ఆ ‘అప్పు’ ఎవరికి తీర్చాలి?

కంచికచర్లలో అస్ర్ నమాజు తరువాత మా వద్దకు వచ్చే చిన్నారుల పలకలపై 52 నుండి 28 తీసివేస్తే 36 అన్న జవాబు తరచుగా కనబడుతుంది. రెండులో ఎనిమిది పోదు గనుక ఎనిమిదిలోనుంచే రెండు తీసేస్తారు. “పక్కనుండి ఒకటి అప్పు తెచ్చుకో” అని ఇంట్లో పెద్దలు నేర్పుతారు. “హజ్రత్, ఆ అప్పు ఎప్పుడు తీర్చాలి?” అని ఒక బాలిక అడిగింది. న్యాయమైన ప్రశ్నే! దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు (అల్ బఖరా 282) అప్పును వ్రాసుకోవడం గురించినదే. మన ఇళ్ళలో అది తేలిక మాట కాదు.

నిజానికి ఇక్కడ అప్పు లేదు, చిల్లర మార్చడమే ఉంది. అయిదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు బిడ్డ చేతికిచ్చి ఇరవై ఎనిమిది అడగండి. ఒక నోటు మార్చక తప్పదు. ఇప్పుడు నాలుగు నోట్లు, పన్నెండు బిళ్ళలు; సొమ్ము మాత్రం 52 రూపాయలే. ఇవ్వవలసినది ఇచ్చాక మిగిలేది 24.

500 నుండి 137 తీసేటప్పుడు పదుల చోట సున్న ఉంది, చిల్లర అక్కడ దొరకదు. ముందు ఒక వందను పది పదులుగా, అందులో ఒక పదిని పది ఒకట్లుగా మార్చాలి. నాలుగు వందలు, తొమ్మిది పదులు, పది ఒకట్లు. జవాబు 363. “సున్న తొమ్మిదవుతుంది” అని బట్టీ పట్టించడం మాకు సమ్మతం కాదు.

సుమారు వెయ్యేళ్ళ క్రితం కూష్యార్ ఇబ్న్ లబ్బాన్ భారతీయ అంకెల గణితంపై అరబీలో రచించిన గ్రంథంలో, ధూళి పలకపై అంకెలు చెరిపి దిద్దుతూ ఎడమనుండే తీసివేత నేర్పారు. కనుక ఎడమనుండి మొదలుపెట్టిన బిడ్డను గద్దించకండి. 52లో 20 పోతే 32, అందులో 8 పోతే 24 అంటే అదీ సరైన లెక్కే.