ప్రయాణానికి ఏ పొయ్యి?

వేసవి కూటాలకో, కాలినడక యాత్రలకో మన ఇటిక్యాల యువకులు బయలుదేరితే తల్లులు ముందుగా అడిగేది, "మరి వంట ఎట్ల?" అని.

1892లో స్వీడన్‌లో పుట్టిన పంపు స్టవ్‌కు మంట జోరెక్కువ, మోతా ఎక్కువే. వత్తుల స్టవ్ ఒరిగితే కిరోసిన్ ఒలుకుతుంది. 5 కిలోల సిలిండరు వీపున మోసేది కాదు. బ్యూటేన్ డబ్బాపై బిగించే చిన్న బర్నరే అన్నిటికంటె తేలిక. అయితే డబ్బాను ఎండలో ఉంచరాదు. గుడారం లోపల ఏ పొయ్యీ వెలిగించరాదు. విషవాయువు ప్రాణం తీస్తుంది.

గద్వాలలో రైలెక్కేవారు గ్యాసుగాని, కిరోసిన్‌గాని వెంట తీసుకొనిపోరాదు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగియున్న యాత్రికుల బోగీలో, దొంగచాటుగా తెచ్చిన సిలిండరు వల్ల మంటలు లేచి 9 మంది మరణించారు. వారును భక్తితో బయలుదేరినవారే!

కాబట్టి రైలు ప్రయాణమైతే జొన్నరొట్టెలు, అటుకులు మూటకట్టండి. పొయ్యి, ఇంధనం దిగినచోట చూచుకొనవచ్చును.

తిబెరియ సముద్రతీరాన ప్రభువు నిప్పులమీద చేపలు సిద్ధపరచి శిష్యులను భోజనానికి పిలిచాడు (యోహాను 21). ఆకలి తీర్చుట ఎంత ప్రేమకార్యమో, పిల్లలను క్షేమంగా ఇంటికి చేర్చుటయు అంతే.